జర్మన్ సాహిత్యం: హైదరాబాద్‌లో బీఏనా, జర్మనీలో గెర్మానిస్టికా?

భాష: హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఢిల్లీలోని జేఎన్‌యూ బీఏల్లో ఆ, బే, త్సే (జర్మన్ అక్షరమాల) నుంచే మొదలు. జర్మనీలో గెర్మానిస్టిక్ (జర్మన్ భాషాసాహిత్యాల డిగ్రీ) భాష నేర్పే కోర్సు కాదు. పక్క బెంచీవాళ్ళకు అది మాతృభాష. జర్మన్ భాషా పరీక్షల్లో టెస్ట్‌డాఫ్ అయితే నాలుగు భాగాల్లోనూ 4వ స్థాయి గానీ, డీఎస్‌హెచ్ అయితే 2వ స్థాయి గానీ సాధారణంగా అడుగుతారు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ.

ప్రవేశం: ఇక్కడ ఇంటర్ చాలు, ప్రవేశపరీక్ష రాయాలి. అక్కడ ఇంటర్ ఒక్కటే సాధారణంగా సరిపోదు. ష్టూడియెన్‌కొల్లెగ్‌లో (విదేశీ విద్యార్థులను వర్సిటీకి సిద్ధం చేసే కోర్సు) ఏడాది, లేదా ఇక్కడ డిగ్రీ కొంత చదివి ఉండాలి. మన చదువు పత్రాలు అసలువేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ అదనం.

ఖర్చు: ఎక్కువ రాష్ట్రాల్లో ప్రభుత్వ వర్సిటీలకు ట్యూషన్ ఫీజు లేదు. హైడెల్‌బెర్గ్, ట్యూబింగెన్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో మాత్రం మనవాళ్ళకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. అసలు బరువు బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం జీవన ఖర్చులకు ముందే జమచేసి చూపాల్సిన ఖాతా): 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు. ఇఫ్లూ ఫీజు దాని ముందు చిల్లర.

ఎక్కడ దెబ్బతింటారు: అక్కడ భాషాశాస్త్రం, ఆధునిక సాహిత్యంతోపాటు మధ్యయుగ సాహిత్యమూ ఉంటుంది. క్రీ.శ. 1200 నాటి జర్మన్ చదవాలి; నేటి జర్మన్‌లో పై స్థాయి అయిన సీ1 సర్టిఫికెట్ దానికి అక్కరకు రాదు. పదిహేను పేజీల హౌస్‌ఆర్‌బైట్‌లను (కోర్సుకు రాసివ్వాల్సిన వ్యాసాలను) సెలవులకు వాయిదా వేస్తే మూడు నాలుగు పేరుకుపోతాయి, ఆరు సెమిస్టర్ల డిగ్రీ ఎనిమిదవుతుంది. ఇక్కడి చిక్కు వేరు: తరగతి దాటితే జర్మన్ వినపడదు, మాట తడబడుతుంది.

అనువాదం, బోధన, కంపెనీ ఉద్యోగం కావాలంటే ఇక్కడి బీఏ చాలు. పరిశోధనే లక్ష్యమైతే ఇక్కడ బీఏ ముగించి, ఎంఏకు వెళ్ళడం మేలు. ఇప్పటికే సీ1 ఉండి, డబ్బుకు లోటు లేనివాళ్ళకే నేరుగా అక్కడి బీఏ.