దుఃఖంలో ఉన్నవారిని వెంటబెట్టుకుని మెదక్, గుణదల

పిన్నిని మెదక్ చర్చికి, విజయవాడ దగ్గరి గుణదల మరియమాత గుడికి తీసుకెళ్ళాను. ముందు డబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ యాత్రలో మనసు విరిగింది అక్కడే. దారిలో, హైవే పక్కన ఒక ప్రార్థనాలయం బోర్డు చూసి పిన్ని ఆగుదామంది. బాబాయి పోయి ఏడాది తిరగలేదు, తనకు షుగరు, మోకాళ్ళ నొప్పులు. అక్కడ నూనె సీసాకు 300, "ప్రత్యేక ప్రార్థన"కు 500 తీసుకున్నారు. పోతే పోయింది 800. కానీ ఇంట్లో విశ్వాసం చాలకే బాబాయి పోయాడన్నారు. షుగరు మాత్రలు మానేసి, నయమైందని అందరి ముందూ సాక్ష్యం చెప్పమన్నారు. ఆ తర్వాత బండిలో పిన్ని నోరు విప్పలేదు.

ఇలాంటి మాట విన్నవాళ్ళు యోహాను సువార్త 9వ అధ్యాయం తెరవాలి. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం ఎవరిదని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదు అన్నాడు యేసు. కష్టాల్లో ఉన్న యోబుకు నీతులు చెప్పిన స్నేహితుల మీద యోబు గ్రంథం 42వ అధ్యాయంలో దేవుడికే కోపం వచ్చింది. రోగికి నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉంది, నూనెకు వెల కట్టమని లేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. మాత్ర మానమన్న చోట ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు, వాళ్ళెంత గొప్పగా పాడినా సరే.

మెదక్ చర్చి ఈ చేదును చాలావరకు పోగొట్టింది. హైదరాబాద్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి బస్సులు ఉంటాయి, 2022 నుంచి రైలు కూడా నడుస్తోంది. ప్రయాణం సాఫీగా సాగింది.

ఆ గుడి పుట్టుక తెలిసి వెళ్తే చూసే కళ్ళు వేరుగా ఉంటాయి. 1914లో పని మొదలైంది. కరువు కాలంలో, పస్తులున్న జనానికి పని ఇచ్చి కూలికి బదులు తిండి పెడుతూ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ దీన్ని కట్టించాడు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం ఎత్తు 175. ఆకలి తీరుస్తూ లేచిన గోడలవి. ఆ మాట చెప్పాక పిన్ని ఒక స్తంభాన్ని చేత్తో తడిమి చూసింది.

లోపల ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన మూడు రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి: ఆరోహణం (1927), జననం (1947), సిలువ (1958). వీటికి లోపలి దీపాలతో పనిలేదు, బయటి ఎండే వెలుగు. అందుకే పొద్దుగూకాక వెళ్తే నల్లటి అద్దాలే కనిపిస్తాయి, ముసురు పట్టిన రోజు కూడా రంగులు మసకే. ఎండ ఉన్న పనిదినం ఉదయం వెళ్ళండి. ఆదివారాలు, క్రిస్మస్ వారం సందర్శకుల గోల ఎక్కువ, ఫోటోల కోసం తోసుకుంటారు. పండగ చూడాలంటే క్రిస్మస్‌కే వెళ్ళాలి గానీ, ఏడవాల్సిన మనిషిని అప్పుడు తీసుకెళ్ళకూడదు.

పనిదినం అక్కడ దొరికే పెద్ద సదుపాయం, లేవమనేవాళ్ళు లేకపోవడం. పొడవాటి వరసల్లో వెనకగా కూర్చోబెట్టి, పక్కన మీరూ కూర్చుని మాట్లాడకుండా ఉంటే చాలు. చదవాలనిపిస్తే 88వ కీర్తన మంచిది, అది చివరిదాకా చీకట్లోనే నడుస్తుంది, ఎక్కడా తొందరపడి ఓదార్చదు. ఆ తర్వాత యోహాను 11. చనిపోయిన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. సగటు మనిషి దుఃఖానికి ఇంతకంటే దగ్గరి మాట బైబిల్లో ఇంకోటి ఉందనుకోను. పిన్ని అక్కడే ఏడ్చింది, చాలాసేపు. తర్వాత టిఫిన్ అడిగింది.

గుణదల పద్ధతి వేరు. విజయవాడ స్టేషన్ నుంచి ఐదారు కిలోమీటర్లు. బస మాత్రం చెడింది: స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో 1,400 పుచ్చుకుని మూడో అంతస్తు గది ఇచ్చారు, లిఫ్టు పనిచేయదని తాళం చేతికిచ్చాక చెప్పారు. నొప్పులున్నవాళ్ళతో వెళ్తే డబ్బు కట్టకముందే లిఫ్టు ఎక్కి చూడండి, లేదా కింది గది అడగండి.

కొండ మీద బిలంలో మరియమాత స్వరూపాన్ని 1924లో నిలిపినప్పటి నుంచి జనం వస్తున్నారు. శిఖరాన సిలువ 1933 నాటిది. మెట్లెక్కుతూ జపమాల చెప్పుకుంటారు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, తలనీలాలు ఇస్తారు. ఎండ ఎక్కాక రాయి కాలుతుంది, కాబట్టి తెల్లవారగానే ఎక్కి దిగాలి. మోకాళ్ళ నొప్పులుంటే కింది గుడిలో పూజకు కూర్చుంటే సరిపోతుంది, కొండెక్కకపోతే మొక్కు చెల్లదని ఎవరన్నా నమ్మొద్దు. ఫిబ్రవరి 9, 10, 11 తిరునాళ్ళు, లక్షల్లో జనం వస్తారు. 11వ తేదీ లూర్దుమాత (మరియమాతకే మరో పేరు) పండగ, 1993 నుంచి ప్రపంచ రోగుల దినం కూడా. కానీ నడవలేని రోగిని ఆ రద్దీలోకి తీసుకెళ్ళడం సాహసమే, మామూలు రోజే మేలు.

పోయినవాళ్ళ కోసం పూజ చెప్పించాలంటే నేరుగా గుడి కార్యాలయంలోనే పేరు రాయించి రసీదు తీసుకోండి, బయట మాట కలిపేవాళ్ళ చేతికి ఇవ్వొద్దు. కానుక ఇచ్చుకోలేని పేదల కోసం కూడా పూజ చేయమని కతోలిక సంఘ చట్టమే గురువులను (ఫాదర్లను) కోరుతుంది, చేతిలో లేకపోతే ఆ మాట చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు. ఇంకొకటి, రోగులకు గురువు నూనె రాసి ప్రార్థించే అభ్యంగనం చావు ఘడియకే అనుకుని మన ఇళ్ళలో చాలామంది భయపడి వాయిదా వేస్తారు. జబ్బు తీవ్రమైనప్పుడు, పెద్ద ఆపరేషన్‌కు ముందు కూడా గురువును అడగొచ్చు, జబ్బు ముదిరితే మళ్ళీ తీసుకోవచ్చు. దానికి వెల లేదు, మందులు మానమని ఎవరూ అనరు.

కొత్తగా మనిషిని పోగొట్టుకున్నవారికి మెదక్, ఏళ్ళ తరబడి జబ్బుతో నలిగినవారికి గుణదల అని నా లెక్క. ఏ సంఘంవారైనా రెండు చోట్లా కూర్చోవచ్చు. తిరుగు ప్రయాణంలో పిన్ని ఆ నూనె సీసా బస్టాండు చెత్తబుట్టలో పడేసి, షుగరు మాత్ర వేసుకోవడానికి నీళ్ళడిగింది.