జాగ్రత్త: 'ఇటలీలో ఒక సెమిస్టర్' ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

బీఏ, ఎంఏ చదివేవాళ్లూ, వాళ్ల అమ్మానాన్నలూ చదవాలని రాస్తున్నాను. ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్ విద్యార్థులకు ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఒక సెమిస్టర్ అంటూ హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ ప్యాకేజీ అమ్ముతోంది. అందులో నేను వెళ్లొచ్చాను. ఊరికి వంక పెట్టను. నాలుగున్నర లక్షలు తీసుకుని వీళ్లు పంపింది మాత్రం యూనివర్సిటీకి కాదు.

తిరిగొచ్చేటప్పుడు చేతికిచ్చింది క్లాసులకు హాజరైనట్టు ఒక సర్టిఫికెట్. మా యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచిలో ఇస్తే గుమస్తా గారు అటూ ఇటూ తిప్పి చూసి, "మెమో ఏదమ్మా? క్రెడిట్లు ఎక్కడున్నాయి?" అన్నారు. లేవు. కాబట్టి ఇక్కడ పోయిన సెమిస్టర్ మళ్లీ రాయాలి.

మాకు పాఠాలు చెప్పింది ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్. ఫ్లోరెన్స్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి, ఎక్కువగా అమెరికా కాలేజీల పిల్లల కోసం నడుస్తాయి. వాళ్లకు ఇబ్బంది లేదు, ఎందుకంటే క్రెడిట్లు వాళ్ల సొంత కాలేజీయే ముందే ఒప్పుకుని తన ట్రాన్‌స్క్రిప్టులో, అంటే మార్కుల పత్రంలో, వేసుకుంటుంది. మనకు ఆ ఏర్పాటు ఎవరూ చేయలేదు. ఇన్‌స్టిట్యూట్‌ను దొంగ సంస్థ అనను. పాతకాలపు ఫ్లోరెన్స్ చిత్రకారుడు మసాచ్చో చిత్రాల గురించి అక్కడ ఒక మేడమ్ చెప్పినంత బాగా నాకు ఇంకెవరూ చెప్పలేదు. దాన్ని యూనివర్సిటీ అని చెప్పి అమ్మినవాళ్లతోనే నా గొడవ.

మీకు ఎవరైనా ఇలాంటిది చెబితే ముందు వీసా ఏ రకమో అడగండి. అసలు గుట్టు అక్కడే తెలిసిపోతుంది. మాకు తీయించింది 90 రోజుల్లోపు షార్ట్ స్టే వీసా. ఇటలీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో మొదటి సెమిస్టర్ క్లాసులు సెప్టెంబరులోనో అక్టోబరులోనో మొదలై డిసెంబరు దాకా సాగుతాయి, పరీక్షలు జనవరి, ఫిబ్రవరిలో ఉంటాయి. అదంతా 90 రోజుల్లో ఎలా పడుతుంది? 90 రోజులు దాటితే 'డి' టైపు నేషనల్ వీసా కావాలి. ఇటలీలో దిగిన 8 పనిదినాల్లోగా పోస్టాఫీసులో కిట్ తీసుకుని 'పెర్మెస్సో ది సొజోర్నో', అంటే నివాస అనుమతికి అప్లై చేయాలి. మా కన్సల్టెన్సీ మేనేజర్ ఇదంతా తప్పించడమే తన గొప్పగా చెప్పాడు: "మా ప్యాకేజీలో పెర్మెస్సో తలనొప్పి లేదండీ, పోస్టాఫీసు చుట్టూ తిరగక్కర్లేదు!" ఆ తలనొప్పి లేదంటే అక్కడ యూనివర్సిటీ సెమిస్టర్ కూడా లేదన్నమాటే.

నిజం సెమిస్టర్ ఎలా ఉంటుందో ఇటలీలోనే బొలోన్యా యూనివర్సిటీలో చదివే మన తెలుగబ్బాయి ఒకడు చెప్పాడు. అది 1088లో పుట్టిందని చెప్పుకునే యూనివర్సిటీ. క్రెడిట్లను అక్కడ సీఎఫ్‌యూ అంటారు. ఒక్కోదానికి 25 గంటల పని, అందులో క్లాసులూ సొంత చదువూ కలిపే ఉంటాయి. ఏడాదికి 60, సెమిస్టర్‌కు 30. మార్కులు 30కి, 18 వస్తే పాసు. హ్యుమానిటీస్‌లో చాలా పరీక్షలు నోటితోనే, ప్రొఫెసరు ఎదురుగా కూర్చుని చెప్పాలి. డిగ్రీ స్థాయి హ్యుమానిటీస్ కోర్సులు ఎక్కువ భాగం ఇటాలియన్‌లోనే ఉంటాయి. అన్నీ ఇంగ్లీషులోనే, పరీక్ష నామమాత్రమే అని ఎవరైనా నవ్వుతూ చెబితే అనుమానించండి.

ఇక మ్యూజియంల సంగతి. బ్రోషర్‌లో 'మైకెలాంజెలో దావీదు ముందు క్లాసు' అని పెద్ద అక్షరాలతో వేశారు. క్లాసు జరిగింది పియాజ్జా దెల్లా సిన్యోరియా అనే కూడలిలో, పలాజ్జో వెక్కియో అనే పాత భవనం గుమ్మం ముందు. అక్కడున్నది దావీదు విగ్రహానికి నకలు. అసలు విగ్రహాన్ని 1873లోనే అకాదెమియా మ్యూజియంకు తరలించారు. లోపలికి టిక్కెట్టు కావాలి, ప్యాకేజీలో టిక్కెట్టు లేదట. ఉఫీజీ అనే చిత్రాల మ్యూజియంకు తీసుకెళ్లారు గానీ అది నెలలో మొదటి ఆదివారం, ప్రభుత్వ మ్యూజియంలకు ఎవరికైనా ప్రవేశం ఉచితమైన రోజు. ఊరంతా క్యూలో ఉంది. లోపల చిత్రకారుడు బొత్తిచెల్లి బొమ్మలున్న గది దగ్గర తిరునాళ్లలా తోసుకున్నాం. మరి మా దగ్గర విడిగా తీసుకున్న మ్యూజియం ఫీజు ఏమైందో ఈ రోజుకీ జవాబు లేదు.

స్కాలర్‌షిప్ అని కూడా ఊరిస్తారు. ఇటలీలో రీజియన్లు ఇచ్చే స్కాలర్‌షిప్పులు ఉన్నమాట నిజమే. మన ఊళ్లనుంచి చాలామంది వాటి ధైర్యంతోనే వెళ్తున్నారు. అవి డిగ్రీకి చేరినవాళ్లకు, కుటుంబ ఆదాయం కాగితాలు చూసి ఇస్తారు. పన్నెండు వారాల కోర్సుకు వచ్చినవాళ్లకు రావు. "స్కాలర్‌షిప్ వస్తే కట్టిందంతా తిరిగొచ్చేస్తుంది" అన్నది మా మేనేజరు పాటే.

గది గురించి ఒక్క మాట. అద్దె ఒప్పందం అక్కడి పన్నుల శాఖ 'అజెన్సియా దెల్లె ఎంత్రాతె'లో రిజిస్టర్ అయిందా అని అడగండి. మాకు వాట్సాప్ మెసేజే ఒప్పందం. అందుకే అడ్వాన్సు తిరిగి రాలేదు.

డబ్బు కట్టకముందే నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ట్రాన్‌స్క్రిప్టు మీద ఎవరి పేరు, ఎవరి ముద్ర ఉంటుంది? ఆ సంస్థ ఇటలీ విశ్వవిద్యాలయాల మంత్రిత్వ శాఖ గుర్తించిన జాబితాలో ఉందా? నాకు ఆ యూనివర్సిటీ 'మత్రికోల' నంబరు, అంటే విద్యార్థి నంబరు, వస్తుందా? ఆ క్రెడిట్లను మా యూనివర్సిటీ ఒప్పుకుంటానని కాగితం ఇచ్చిందా? చివరిది కన్సల్టెన్సీని కాదు, మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌ను అడగాలి. మీ యూనివర్సిటీకి అక్కడి యూనివర్సిటీతో ఎరాస్మస్ ప్లస్ (యూరోపియన్ యూనియన్ నడిపే విద్యార్థి మార్పిడి పథకం) ఒప్పందం ఉంటే అక్కడ ట్యూషన్ ఫీజు కట్టాల్సిన పని లేదు, పైగా ఖర్చులకు గ్రాంటు వస్తుంది. ఒప్పందం లేకపోయినా కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీల్లో 'కోర్సి సింగొలి' పేరిట విడి సబ్జెక్టులకు నేరుగా చేరవచ్చు. వీటిలో కన్సల్టెన్సీకి కమిషన్ రాదు కాబట్టి వీటి ఊసే ఎత్తరు.

రసీదు కూడా చూసుకోండి. మాది 'సర్వీస్ చార్జీలు' అని ఉంది, ట్యూషన్ అన్న మాట ఎక్కడా లేదు. డబ్బు వెనక్కి అడిగితే, "వీసా వచ్చిందిగా, మా సర్వీస్ అయిపోయింది" అన్నారు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు బ్రోషరు, వాట్సాప్ చాట్లు, బ్యాంకు రసీదులు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కన్సల్టెన్సీ ఎక్కడున్నా సరే. 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. నేను వేశాను, కోర్టు వాయిదా వచ్చాక ఏమైందో తర్వాత రాస్తాను. తర్వాతి బ్యాచ్‌కు అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఉంటే రెండో విడత డబ్బు ఆపి, ముందు ట్రాన్‌స్క్రిప్టు నమూనా తెప్పించుకోండి.