గెస్ట్‌మౌంట్ రివ్యూ: తెరవడం తేలికే, మూసేటప్పుడే జాగ్రత్త

బూట్ కాని వర్చువల్ మెషీన్ (వీఎం) డిస్క్ ఇమేజ్‌లోంచి ఒక్క కాన్ఫిగ్ ఫైలు తీయాలన్నా చాలామంది, ఆ ఇమేజ్‌ని మామూలు డిస్క్‌లా చూపించే క్యూఎము-ఎన్‌బీడీ టూల్‌నే పట్టుకుంటారు. దానికి రూట్ (అడ్మిన్) అధికారం కావాలి, ఎన్‌బీడీ మాడ్యూల్ లోడ్ చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, గెస్ట్ (వీఎం) ఫైల్‌సిస్టమ్‌ని చదివేది హోస్ట్ కెర్నలే, అంటే మన అసలు మెషీన్ ఓఎస్ కేంద్ర భాగమే. ఇమేజ్‌ని ఎవరైనా కావాలని చెడగొట్టి ఉంటే దెబ్బ నేరుగా హోస్ట్‌కే.

వీఎం డిస్కులపై పనిచేసే లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ టూల్స్‌లో భాగమైన గెస్ట్‌మౌంట్ ఈ ఇబ్బందులు తప్పిస్తుంది. లోపల అప్లయన్స్ అనే చిన్న వీఎంని లేపి, మౌంట్ పని దాని కెర్నల్‌కి అప్పగిస్తుంది. ఫైళ్లు ఫ్యూజ్ (రూట్ లేకుండానే మౌంట్ చేయనిచ్చే లినక్స్ సదుపాయం) ద్వారా మన డైరెక్టరీలో కనిపిస్తాయి.

‘-ఎ’ పక్కన ఇమేజ్ పేరు, తర్వాత ‘-ఐ’, ‘--ఆర్‌ఓ’ (చదవడానికి మాత్రమే), చివర ఖాళీ డైరెక్టరీ: కమాండ్ ఇంతే. ‘-ఐ’ ఉంటే గెస్ట్ ఓఎస్‌ని అదే గుర్తుపట్టి పార్టిషన్లన్నీ వాటి వాటి చోట్ల మౌంట్ చేస్తుంది. ఓఎస్ లేని డేటా డిస్క్‌కి మాత్రం వర్ట్-ఫైల్‌సిస్టమ్స్ టూల్‌తో పార్టిషన్ పేర్లు చూసుకుని ‘-ఎం’తో ఇవ్వాలి. గెస్ట్‌లో డిస్క్ పేరు వీడీఏ అని ఉన్నా ఇక్కడ ఎస్‌డీఏ అనే రాయాలి. నడుస్తున్న వీఎం డిస్క్‌ని, రాయడానికి కూడా వీలిచ్చే ‘--ఆర్‌డబ్ల్యూ’తో ఎప్పుడూ తెరవకండి, ఫైల్‌సిస్టమ్ పాడవుతుంది.

ఉబుంటులో మామూలు యూజర్‌కి అప్లయన్స్ లేవకపోతే ముందు బూట్ డైరెక్టరీలోని కెర్నల్ ఫైలు పర్మిషన్ చూడండి. అది రూట్‌కి మాత్రమే చదవడానికి వీలుగా ఉంటుంది, అందరూ చదవగలిగేలా 0644 చేస్తే సరిపోతుంది. కెర్నల్ అప్‌డేట్ అయితే కొత్త ఫైలుకీ అదే చేయాలి. కేవీఎం (ప్రాసెసర్ సాయంతో వీఎంని వేగంగా నడిపే సదుపాయం) లేని మెషీన్‌లో పని ఎమ్యులేషన్ మీద, అంటే సాఫ్ట్‌వేర్ అనుకరణతో నడుస్తుంది, మౌంట్ అవడానికే చాలాసేపు పడుతుంది.

ఇక అసలు చిక్కు అన్‌మౌంట్ దగ్గర. గెస్ట్అన్‌మౌంట్ కమాండ్ ముగిసినా వెనక గెస్ట్‌మౌంట్ ప్రాసెస్ ఇంకా బతికే ఉండి, ‘--ఆర్‌డబ్ల్యూ’తో తెరిచి ఉంటే మిగిలిన డేటాని ఇమేజ్‌లోకి రాస్తూ ఉండొచ్చు. స్క్రిప్టు ఆ క్షణంలోనే వీఎంని ఆన్ చేస్తే డిస్క్ పాడయ్యే ప్రమాదం ఉంది. చేత్తో చేసేటప్పుడు ఇది బయటపడదు, ఆటోమేషన్‌లోనే దొరికిపోతాం. మౌంట్ చేసేటప్పుడే ‘--పిడ్-ఫైల్’ ఇచ్చి ప్రాసెస్ నంబరుని ఒక ఫైల్లో రాయించి, అన్‌మౌంట్ తర్వాత ‘కిల్ -0’తో (ఇది ప్రాసెస్ ఉందో లేదో చూస్తుందంతే) ఆ ప్రాసెస్ పోయేదాకా లూప్‌లో ఆగాలి. ఆ లూప్‌కి ఒక టైమ్‌అవుట్ కూడా పెట్టండి. ఇంత కీలకమైన పని టూలే స్వయంగా చేయాల్సింది. ఇదొక్కటే దీనిలో పెద్ద లోటు.

వేగం విషయానికొస్తే, ప్రతి రీడ్ ఫ్యూజ్ దాటి అప్లయన్స్‌దాకా వెళ్లి రావాలి. నాలుగు ఫైళ్లు చూసుకోవడానికి ఇబ్బంది లేదు కానీ, వేల చిన్న ఫైళ్లున్న డైరెక్టరీ మొత్తం కాపీ చేయాలంటే దాన్ని ఒకే టార్ ఫైలుగా బయటికి తీసే వర్ట్-టార్-అవుట్ వాడండి. మౌంట్‌ని వేరే యూజర్లూ చూడాలంటే ఫ్యూజ్ కాన్ఫిగ్‌లో ‘యూజర్_అలౌ_అదర్’ లైను ఉండాలి, మౌంట్ చేసేటప్పుడు ‘-ఓ అలౌ_అదర్’ ఇవ్వాలి. ఎక్కడ ఆగిందో తెలియకపోతే ‘-వి -ఎక్స్’ జోడించి నడపండి, అప్లయన్స్ బూట్ మెసేజ్‌లన్నీ కనిపిస్తాయి.