అంబాసిడర్ వైపర్ స్విచ్‌కి రిలే: కొన్ని వానాకాలాలు వాడాక

వైపర్‌కి రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే డబ్బా, వేసుకుంటే పాత స్విచ్ పీకి పారేయక్కర్లేదు, ముందు అది చెప్పేస్తున్నా. నాది 1985 మార్క్ 4 పెట్రోల్ అంబాసిడర్. వైపర్ వేసిన కాసేపటికి స్విచ్ వేలికి వేడిగా తగిలేది. బ్లేడ్లు ఈడ్చుకుంటూ తిరిగేవి. విజయవాడ ఆటోనగర్‌లో చూపిస్తే "మోటారు పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అన్నవాళ్లే ఎక్కువ. ఒకాయన టాటా ఏస్ స్విచ్ బిగిస్తానన్నాడు. 2014లో తయారీ ఆగిపోయిన బండి ఇది, దాని డాష్‌బోర్డుకి ట్రాలీ స్విచ్ పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

జబ్బు మోటారుది కాదని మల్టీమీటర్ పెడితే తేలింది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులు, మోటారు దగ్గర 10.5. మధ్యలో పోయిన 3 వోల్టులూ స్విచ్‌లోని నల్లబడ్డ కాంటాక్టుల్లో, ఎండకి పెళుసెక్కిన వైర్లలో వేడైపోతున్నాయి. రిలే వేస్తే మోటారు లాగే కరెంటు స్విచ్ గుండా పోదు. రిలే కాయిల్‌కి కావాల్సిన 0.2 ఆంపియర్ లోపు కరెంటు మాత్రమే స్విచ్ మోస్తుంది.

మొదట పని చేసిన మేస్త్రి హెడ్‌లైట్లకి వేసే నాలుగు పిన్నుల రిలే తగిలించాడు. వైపర్లు జోరుగానే తిరిగాయి, కానీ స్విచ్ ఆపితే ఎక్కడివక్కడే, అద్దం నడిమధ్య నిలబడిపోయేవి. "బ్లేడు కిందికొచ్చినప్పుడు చూసి ఆపండి సార్" అని సలహా కూడా ఇచ్చాడు. వానలో బండి తోలుతూ నేను చేయాల్సిన పని అదన్నమాట!

కావాల్సింది ఐదు పిన్నుల రిలే. 30వ పిన్ను నుంచి మోటారుకి వైరు. 87కి ఫ్యూజు మీదుగా ఇగ్నిషన్ సప్లై. 87ఏకి మోటారు నుంచి వచ్చే పార్కింగ్ వైరు. స్విచ్ ఆన్‌లో ఉంటే మోటారుకి 87 నుంచి కరెంటు. ఆపగానే రిలే 87ఏ మీదికి పడుతుంది. మోటారు గేరు పెట్టెలో ఉన్న చిన్న క్యామ్ (గేరుతో పాటు తిరుగుతూ కాంటాక్టులు మార్చే ముక్క), బ్లేడు తన చోటికి వచ్చేదాకా పార్కింగ్ వైరులోకి సప్లై ఇస్తూనే ఉంటుంది, చేరగానే ఆ వైరుని ఎర్త్‌కి కలిపేస్తుంది. మోటారు రెండు కొసలూ ఎర్త్ అయిపోయేసరికి అదే బ్రేకు, బ్లేడు ఊగకుండా ఠక్కున ఆగుతుంది. రెండో మేస్త్రి ఈ కనెక్షన్ మాట వినగానే ఏమీ అడగకుండా పనిలోకి దిగాడు. రిలే, సాకెట్, ఫ్యూజు హోల్డరు, వైరు అన్నీ కలిపి వెయ్యి లోపే.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. నా బండిలో మోటారు పాత ఓనరు మార్పించింది, సింగిల్ స్పీడు, విడిగా పార్కింగ్ వైరు ఉంది. స్విచ్ ఎర్త్ వైపు పనిచేసే పాత మోటార్లకి ఈ కనెక్షన్ కుదరదు. వైర్ల రంగుల్ని నమ్మకుండా టెస్ట్ ల్యాంపుతో చూసుకోండి, ఇన్నేళ్లలో ఎన్ని చేతులు పడ్డాయో. రెండోది, లోపల డయోడ్ (కరెంటుని ఒక వైపుకే పోనిచ్చే ముక్క) ఉన్న రిలే అయితే కాయిల్ పిన్నుల్లో 86కి పాజిటివ్, 85కి ఎర్త్ ఇవ్వాలి. తిప్పి ఇచ్చారో, స్విచ్ వేయగానే డయోడ్‌తో పాటు ఏదో ఒకటి కాలుతుంది.

వాడకంలో ఎలా ఉందంటే, 2024 ఆగస్టు 31న, బుడమేరు పొంగి సింగ్ నగర్ మునగడానికి ముందు రోజు, బందరు రోడ్డు మీద పటమట దాకా ఆ కుండపోతలోనే వచ్చాను. ముందు బండి బ్రేకు లైట్లు ఎర్రగా అలికినట్టు కనిపిస్తున్నాయి తప్ప వైపర్ వేగం తగ్గలేదు, స్విచ్ చల్లగానే ఉంది. అయితే కారు వేగంతో పోటీపడే ఇప్పటి బండ్ల వైపర్లతో పోల్చుకోకండి, ఇది సింగిల్ స్పీడే. మధ్యలో ఒక వానాకాలం రిలే మొరాయించింది. విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము. సాకెట్ నోరు పైకి పెట్టి బిగించడంతో కౌల్ (ముందు అద్దం కింద ఉండే రేకు భాగం) నుంచి కారిన నీళ్లు నేరుగా అందులోకే దిగాయి. కిందికి తిప్పించి, పిన్నులకి కాస్త గ్రీజు పూయించాక మళ్లీ పేచీ లేదు. బ్లేడ్ల రబ్బరు మాత్రం మన ఎండలకి ఏటా గట్టిపడాల్సిందే, తొలకరికి ముందు మార్చుకోవాలి. దానికి రిలే ఏం చేస్తుంది?

ఆగి ఆగి తుడిచే సౌకర్యం లేదు. అది కావాలంటే టైమర్ రిలే వేయాలి, నేను వేయలేదు. తుంపర పడుతుంటే స్విచ్ ఒకసారి వేసి వెంటనే తీసేస్తా. బ్లేడు ఒక్క విసురు తిరిగి వచ్చి తన చోట ఆగుతుంది.