పర్లాకిమిడి టేకు సిలువ: అతుకు భేష్, వెనక వైపు మాత్రం చూసుకోవాలి

పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లే దారిలో ఓ వడ్రంగి షెడ్డులో, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీదకి చేయించిన టేకు సిలువ ఇది. నిలువు కర్ర 36 అంగుళాలు, అందులో 2 అంగుళాలు పీఠంలోకి దిగుతాయి. అడ్డకర్ర 22 అంగుళాలు. రెండూ 3 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర మందం.

మేస్త్రి కన్ను మంచిది. అడ్డకర్ర మధ్యగీతని పైనుంచి 11 అంగుళాల దగ్గర పెట్టాడు. దాంతో పైచేయి, రెండు పక్కచేతులు మూడూ తొమ్మిదిన్నరే వచ్చాయి, కింద ఇరవై ఒకటిన్నర మిగిలింది. చివరి వరసలోంచి చూసినా నిండుగా నిలబడుతుంది.

అసలు పనితనం అతుకులో ఉంది. ఒక్కో కర్రలో ముప్పావు అంగుళం లోతు తీసి ఒకదాంట్లో ఒకటి కూర్చారు. మేకు లేదు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ఫెవికాల్ రాసేముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి, లేకపోతే జిగురు పట్టదు. ఇక్కడ తుడిచి, రోజంతా క్లాంపులో బిగించారు. నాలుగు మూలల్లో ఎక్కడా విజిటింగ్ కార్డు అంచు కూడా దూరలేదు. ఇదే పని పచ్చి కర్రతో చేస్తే ఎండాకాలానికి కర్ర ముడుచుకుని సందు విడుస్తుంది. తేమ మీటరు పెట్టి చూపించమనండి, 12 శాతం దగ్గర ఉంటే చాలు.

పీఠం మూడు మెట్లు: విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ. మూడు చెక్కల నార (కర్రలోని పోగుల వరస) కూడా ఒకే దిక్కున ఉంది, అదీ సరైన పద్ధతే. అడ్డంగా అంటిస్తే పగిలే ప్రమాదం ఉంది.

ఇక వెనక వైపు. ఎడమ చేతి వెనకాల అంగుళం వెడల్పున రంగు కాస్త తేడాగా ఉంది. గోటితో గీస్తే పైరంగు లేచి తెల్లకర్ర బయటపడింది. చేవ (కాండం లోపలి గట్టి కర్ర) లేని ఆ భాగానికే ముందు పురుగు పడుతుంది. ప్రభువు బల్ల మీద పెట్టేదానికి ఇలా రంగుపూసి కప్పడం తప్పు. చెప్పగానే అడ్డకర్ర మార్చి ఇచ్చారు, కానీ అడిగేదాకా రాకూడదు. పాలిష్ కూడా మరీ మెరుస్తోంది, ట్యూబులైటు పడితే సిలువ మధ్యలో తెల్లటి చారే కనిపిస్తుంది. మ్యాట్ కావాలని ముందే చెప్పండి.

ఆర్డరు కాగితం మీద ‘పూర్తిగా చేవ కర్ర’ అని రాయించుకోండి. ఉత్త సిలువో, ప్రభువు రూపంతోనో కూడా రాయాలి: బాప్టిస్టు సంఘాలు మామూలుగా ఉత్త సిలువే పెట్టుకుంటాయి, కథోలిక బలిపీఠానికి రూపం ఉండాల్సిందే.

బిల్లు చూసుకోండి. పీఠంతో కలిపి ఈ సిలువలో ఉన్న కర్ర పావు ఘనపుటడుగుకి కాస్త ఎక్కువ, బరువు 5 కేజీల లోపు. కోత, చిత్రిక తరుగు కలిపినా అర ఘనపుటడుగు దాటదు. ఒక ఘనపుటడుగు అని వేస్తే ఒప్పుకోవద్దు.