అంబాసిడర్ ఇంజిన్‌కి ఇంట్లో వేసిన స్ప్రే పెయింట్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను. డబ్బాలో రంగు మంచిదే, డబ్బా మీది నాజిల్ మాత్రం శుద్ధ దండగ.

నేను వాడింది ఇంజిన్ ఎనామెల్ అని అమ్మే స్ప్రే డబ్బాలు, వాటికి జోడీగా వచ్చే గ్రే ప్రైమర్, అంటే రంగు కింద వేసే అడుగు పూత. బండి మా పాత పెట్రోల్ అంబాసిడర్. 1489 సీసీ ఇంజిన్, బ్లాకూ (సిలిండర్లుండే మొండెం) హెడ్డూ (దానిమీది మూత) రెండూ పోత ఇనుమే. 2014లో తయారీయే ఆగిపోయిన బండికి కంపెనీ రంగు కోసం ఎక్కడ వెతుకుతాం? ముదురు ఆకుపచ్చ ఎంచుకున్నాను. రీబోరింగ్ (అరిగిన సిలిండర్లని మళ్లీ తొలవడం) అయ్యాక హెడ్, అడుగున ఆయిల్ ఉండే సంప్ బిగించి, ఇంజిన్ ఇంకా గొలుసు కప్పీకి వేలాడుతుండగానే పని మొదలుపెట్టాను. "పెళ్లికూతురికి పౌడర్ అద్దుతున్నారా సార్?" అని మా మెకానిక్ ఒకటే నవ్వు.

షాపులో 650 డిగ్రీలు తట్టుకునే రంగు తీసుకోమని తెగ చెప్పారు. వద్దన్నాను. నీళ్లతో చల్లబడే బ్లాక్ బయటి గోడ వేడి వంద డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. సైలెన్సర్ల కోసం చేసిన ఆ రంగులేమో రెండు మూడొందల డిగ్రీల సెగ తగిలితేగానీ పూర్తిగా గట్టిపడవు. నా స్నేహితుడు ఫియట్ ఇంజిన్‌కి అదే కొట్టాడు. పెట్రోల్ తడిపిన గుడ్డతో తుడిస్తే నల్లగా గుడ్డకే వచ్చేసింది. బ్లాక్‌కి కావాల్సింది నూనెకీ పెట్రోల్‌కీ లొంగని రంగు. 250 డిగ్రీల పైచిలుకు తట్టుకునే ఎనామెల్ దీనికి ధారాళంగా సరిపోతుంది.

అసలు శ్రమంతా జిడ్డు వదిలించడంలోనే ఉంది. కిరోసిన్‌తో కడిగితే మడ్డి పోతుంది గానీ కిరోసిన్ పొర మిగులుతుంది. అందుకని సర్ఫ్ కలిపిన వేడినీళ్లతో రుద్ది, గాలి కొట్టి ఆరబెట్టి, డ్రిల్‌కి వైర్ బ్రష్ తగిలించి మూలమూలలా గీకి, చివర్లో తెల్ల గుడ్డకి థిన్నర్ అద్ది తుడిచాను. గుడ్డ తెల్లగా తిరిగొచ్చేదాకా అదే పని. మాది కోస్తా. గీకిన పోత ఇనుము ఉప్పుగాలికి సాయంత్రానికల్లా ఎర్రబారుతుంది కాబట్టి అదే పూట ప్రైమర్ పడాల్సిందే. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం డబ్బా ముట్టుకోవద్దు, రంగు పాలిపోయినట్టు తేలుతుంది.

ప్రైమర్ అవసరమా అని చాలామంది అడుగుతారు. పోల్చి చూద్దామని బ్లాక్ పక్కనుండే రెండు రేకు మూతల్లో (టాపెట్ సైడ్ కవర్లు) ఒకదానికి గ్రే ప్రైమర్, రెండోదానికి ఇనుప గేట్లకి వేసే మామూలు రెడ్ ఆక్సైడ్ వేసి, పైన అదే ఎనామెల్ కొట్టాను. పైనే ఉన్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టం) సెగకి రెడ్ ఆక్సైడ్ కవర్ మీది రంగు పొలుసులుగా లేచిపోయింది. గ్రే ప్రైమర్ది కాస్త గోధుమరంగుకి తిరిగింది, అంతే.

కొట్టే ముందు ఇంజిన్ నంబర్ మీద టేప్ వేయడం మర్చిపోవద్దు. పదిహేనేళ్లు దాటిన బండి రెన్యువల్‌కి వెళ్తే నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకుంటారు. అంకెల గాడుల్లో రంగు నిండిపోతే ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాల్సొస్తుంది, అదో టెన్షన్. జానెడు దూరం నుంచి పల్చగా రెండు కోట్లు, పది నిమిషాల తేడాతో కాస్త తడిగా ఇంకొకటి. గ్యాస్ స్టవ్, గీజర్ దగ్గరున్న చోట వద్దే వద్దు, ఆ డబ్బాల్లో ఉండేది మండే వాయువే. కరోనా నాటి మాస్కు ఈ వాసనని ఆపదు, కార్బన్ ఫిల్టర్ ఉన్నది కొనండి.

నాజిల్ సంగతికొస్తే, డబ్బా సగమయ్యేసరికి తుంపర్లు ఊస్తుంది. కొట్టడం ఆపిన ప్రతిసారీ డబ్బా తలకిందులు చేసి ఒట్టి గాలి వచ్చేదాకా నొక్కితే కొంత నయం. నాలుగు డబ్బాలు కొంటే ఒకటి దీనికే పోయిందనుకోండి.

ఇన్ని వానాకాలాల తర్వాత బ్లాక్ పక్కలు ఇప్పటికీ మెరుస్తున్నాయి. ఆయిల్ కారినా గుడ్డతో తుడిస్తే చాలు, ఏ గొట్టం చెమరుస్తోందో ఇట్టే కనిపిస్తోంది. నాకు అందంకన్నా ఇదే పెద్ద లాభం. ఫ్యూయల్ పంప్ కింద మాత్రం పెట్రోల్ చుక్కలు పడి పడి మెరుపు పోయి సుద్దలా అయింది. స్పానర్ తగిలే బోల్టు తలల మీద ఎలాగూ నిలవదు. అక్కడ మళ్లీ స్ప్రే పట్టక్కర్లేదు, మూతలోకి కాస్త కొట్టుకుని పిల్లల డ్రాయింగ్ బ్రష్‌తో అద్దితే సరిపోతోంది.