హోల్డెనా, చార్లీనా: పదహారేళ్ల పిల్లవాడి చేతికి ఏ నవల ఇవ్వాలి?

పదహారేళ్ల పిల్లలున్న ఇళ్ల నుంచి నన్ను ఏటా అడిగే ప్రశ్న ఇది. అబ్బాయి మాట్లాడడం తగ్గించేశాడు, తలుపు వేసుకుని కూర్చుంటున్నాడు, ఏమైందని అడిగితే విసుక్కుంటున్నాడు. ఇంగ్లిషు బాగానే చదువుతాడు. ‘ద క్యాచర్ ఇన్ ద రై’ ఇవ్వమంటారా, ‘ద పర్క్స్ ఆఫ్ బీయింగ్ ఎ వాల్‌ఫ్లవర్’ ఇవ్వమంటారా? ఈ వేసవిలో మా అక్క కొడుకు కోసం నేనూ ఈ రెండింటినీ ముందు పెట్టుకుని వారం రోజులు తేల్చుకోలేకపోయాను. చివరికి రెండూ మొదటి నుంచి మళ్లీ చదివాను.

కథలు మీకు తెలిసినవే. 1951లో వచ్చిన సాలింజర్ నవల ‘క్యాచర్’లో హోల్డెన్ బడి నుంచి వెళ్లగొడితే ఇంటికి వెళ్లకుండా న్యూయార్క్‌లో తిరుగుతాడు. 1999లో వచ్చిన స్టీఫెన్ షబాస్కీ నవల ‘వాల్‌ఫ్లవర్’లో పిట్స్‌బర్గ్ దగ్గరి చార్లీ ముక్కూమొహం తెలియని ఒక మిత్రుడికి ఉత్తరాలు రాస్తాడు. ఇద్దరిలో ఎవరి బాధ పెద్దదని తూచడం నాకు ఇష్టం లేదు. నేను చూసేది ఒక్కటే: ఈ పిల్లవాడు తన బాధను ఎవరితో చెప్పుకుంటున్నాడు, వినేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

చార్లీకి ఉన్నారు. కొత్త బడిలో చేరిన కొద్ది రోజులకే శామ్, ప్యాట్రిక్ అతన్ని తమతో కలుపుకుంటారు. బిల్ అనే ఇంగ్లిషు మాస్టారు అతనిలో ఏదో ఉందని గమనించి ఒకదాని తర్వాత ఒకటి పుస్తకాలు ఇస్తాడు (వాటిలో హోల్డెన్ కథ కూడా ఉంటుంది). తాను ఏడ్చిన సంగతి చార్లీ ఎంత మామూలుగా రాస్తాడంటే, చదివే మనకే గొంతు పట్టేస్తుంది. చివర్లో అతను పూర్తిగా కుంగిపోయినప్పుడు, ఆపి ఉన్న టీవీ ముందు సోఫాలో కూర్చుని ఉండగా అమ్మానాన్నలు చూసి ఆసుపత్రికి తీసుకువెళతారు. రెండు నెలల చికిత్స తర్వాత మళ్లీ ఉత్తరం వస్తుంది. సాయం అడగడం, అందుకోవడం తప్పు కాదని పిల్లలకు ఇంత సూటిగా చూపించే నవలలు తక్కువ. భాష కూడా తేలిక. చిన్న చిన్న వాక్యాలు, ఇంటర్ చదివే పిల్లవాడు నిఘంటువు లేకుండా వెళ్లిపోగలడు. అయితే చిన్నతనంలో హెలెన్ పిన్ని వల్ల అతనికి జరిగిన లైంగిక హింస ఈ కథకు మూలం. పిల్లవాడికి ఇచ్చే ముందు పెద్దవాళ్లు ఒకసారి తప్పకుండా చదవాలి.

ఆ మూలం దగ్గరే నాకు కొంత అసంతృప్తి. ఆఖరి పుటల్లో ఆ రహస్యం తెలియగానే అంతవరకు చూసిన దుఃఖమంతా ఒక్క తాళంచెవితో తెరుచుకున్నట్టు అవుతుంది. చదివేవాడికి ఊరట దొరుకుతుంది, నిజమే. కానీ మన ఇళ్లలో తలుపు వేసుకున్న పిల్లల్లో చాలామంది దగ్గర అలాంటి తాళంచెవి ఉండదు.

హోల్డెన్‌కు వినేవాళ్లు లేరు. రైలు దిగగానే అతను చేసే మొదటి పని స్టేషన్‌లో ఫోను గదిలోకి వెళ్లడం. ఎవరికి చేయాలా అని ఒక్కొక్కరినీ తలుచుకుంటాడు. అన్న ఊళ్లో లేడు, చెల్లి ఈ వేళకు నిద్రపోయి ఉంటుంది, ఇంకొకరి అమ్మ ఫోను ఎత్తుతుంది. ఇరవై నిమిషాలు అలా నిలబడి ఎవరికీ చేయకుండానే బయటికి వస్తాడు. ఆ తర్వాత టాక్సీ నడిపేవాళ్లను కూడా తనతో కాసేపు కూర్చోమని అడుగుతాడు. ఎవరూ కూర్చోరు.

తల్లిదండ్రులు ఈ నవల మీద చెప్పే ఫిర్యాదు నాకు తెలుసు. ఈ కుర్రవాడు అబద్ధాలాడతాడు, తాగుతాడు, కనిపించిన ప్రతివాడినీ వేషధారి అంటాడు, ఇతన్ని చూసి మావాడు ఏం నేర్చుకోవాలి? ఆ కోపం వెనక ఎవరున్నారో చూడమని వాళ్లను బతిమాలుతాను. తమ్ముడు ఆలీ లుకేమియాతో పోయాడు. ఆ రాత్రి పదమూడేళ్ల హోల్డెన్ గ్యారేజీలో పడుకుని కిటికీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా ముడుచుకోదు, వాన పడితే నొప్పి పెడుతుంది. ఈ సంగతి అతను ఏడుస్తూ చెప్పడు. గదిలో ఉండే సహవిద్యార్థి కోసం వ్యాసం రాస్తూ, ఆలీ ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్న బేస్‌బాల్ గ్లవ్ గురించి చెబుతూ, ఆ మధ్యలో రెండు మాటల్లో దాటేస్తాడు. గబగబా చదివితే అది మన కంట పడదు. అతని దుఃఖం వినిపించాలంటే మనమే ఆగి వినాలి. ఆ ఫోను గదిలోంచి అతను చేయలేకపోయిన ఫోను చివరికి మనకే వస్తుంది. నేను ఈ నవల వైపు మొగ్గడానికి కారణం ఇదే.

భాష మాత్రం అడ్డే. 1940ల నాటి అమెరికా కుర్రాళ్ల యాస, తిట్లు, ఒకే మాటను పదే పదే అనడం. మొదటి యాభై పుటలు ఓపిక పట్టాలి.

మిగతావాటి గురించి కూడా అడుగుతారు కనుక: సిల్వియా ప్లాత్ ‘ద బెల్ జార్’ (1963) గొప్ప నవల, కానీ కథానాయిక ఎస్తర్ కాలేజీ అమ్మాయి, ఆ చీకటి మరీ దగ్గరగా ఉంటుంది. కుంగి ఉన్న పిల్లలకు ఇప్పుడే వద్దు. లారీ హాల్స్ ఆండర్సన్ ‘స్పీక్’ (1999) తొమ్మిదో తరగతి అమ్మాయి కథ, ఆడపిల్లలకు బాగా అందుతుంది.

నవల మందు కాదు. పిల్లవాడు తిండీ నిద్రా మానేసినా, చావు మాట ఎత్తినా పుస్తకం వెతకకండి. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు వెంటనే ఫోను చేయండి.

మా అక్క కొడుక్కి నేను హోల్డెన్‌నే ఇచ్చాను. నిరుడు మా నాన్నగారు పోయినప్పుడు వాడు హాస్టల్‌లో ఉన్నాడు. పరీక్షలున్నాయని అందరం కలిసి నిర్ణయించి, నాలుగు రోజుల తర్వాత చెప్పాం. వాడు ఏమీ అనలేదు. ఆ తర్వాతే మాటలు తగ్గాయి. పుస్తకం ఇచ్చిన పన్నెండో రోజు రాత్రి ఫోను చేశాడు. కథ ఎలా ఉందో చెప్పలేదు. నేను అంతకుముందు రెండుసార్లు చదివినా పెద్దగా పట్టించుకోని ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడట.

“మామయ్యా, చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉన్నాడని తమ్ముడి అంత్యక్రియలకు కూడా వెళ్లలేకపోయాడు కదా” అన్నాడు.

అవునురా అన్నాను. ఆ రాత్రి తాతయ్య గురించి గంటన్నర మాట్లాడాడు.